టగ్ బొమ్మ జంపఖానా

“ఎడ్లు బండిని గుంజుతయా, నూకుతయా సారూ?” మగ్గం ముందునుంచి లేవకుండానే అడిగాడు రాజమౌళి.

స్పీకర్ పెట్టిన ఫోన్ పట్టుకుని పక్కనే నిలబడింది భార్య మొగిలమ్మ. అవతల మాట్లాడుతున్నది విశాఖ నేవీ హార్బర్లో టగ్ డ్రైవర్. పెద్ద పెద్ద యుద్ధనౌకలను రేవుకు చేర్చే చిన్న పడవే టగ్. అతను నడిపేది ముసలిదైపోయిందని సర్వీసు నుంచి తీసేస్తున్నారు. వీడ్కోలు సభ కోసం దాని బతుకంతా జంపఖానా మీద నేసివ్వమని నేతగాళ్లుండే ఈ కొత్తవాడకు ఆర్డరిచ్చాడతను. రాజమౌళి టగ్గును ఓడ ముందు పెట్టి, తాడు కట్టి గుంజుతున్నట్టు నేశాడు. గొడవ అక్కడొచ్చింది.

“రేవులో మా టగ్ పక్కనుంచి ముక్కు ఆనించి నెడుతుంది బాబాయ్. ఓడకు గీత కూడా పడకూడదు.”

“అట్లనా,” అని రాజమౌళి నేసిన జానెడూ విప్పేశాడు.

మొగిలమ్మ గుబులు వేరు. ఆ డ్రైవర్ స్టీఫెన్, వాళ్ల అల్లుడు. కూతురు అనూష చెప్పకుండా అతన్ని పెళ్లాడినప్పటి నుంచి ఆ ఇంట్లో ఆమె పేరెత్తడానికి లేదు. రాజమౌళి అల్లుడి మొహం చూడలేదు, ఈ ఆర్డర్‌కు ముందు గొంతూ వినలేదు. ఈ వంకతోనైనా నాయిన మాట తన చెవిన పడుతుందని ఆర్డర్ ఉపాయం పన్నింది అనూషే. సంగతి బయటపడితే ఫోన్ గోడకు తగులుతుంది, జంపఖానా ముక్కలవుతుంది. తల్లీబిడ్డలకు మిగిలిన ఆ ఒక్క దారీ మూసుకుపోతుంది.

రోజూ స్టీఫెన్ ఒక ముచ్చట చెప్పేవాడు, రాజమౌళి దాన్ని నేసేవాడు. మధ్యమధ్య అవతల ఎవరిదో అణచుకున్న దగ్గు వినబడేది. అన్నేళ్ల సర్వీసులో ఆ టగ్ హార్బర్ దాటి పోలేదట. యుద్ధానికి పోయే ఓడలను గేటు దాకా సాగనంపి వెనక్కి తిరిగేదట. తుపాను రాత్రి తాళ్లు తెగిన ఓడను తెల్లారేదాకా గోడకు అదిమి పట్టిందట. ఆయిల్ ఓడ అంటుకుంటే మిగతా పడవలన్నీ దూరం జరిగాయి, ఇది మాత్రం దగ్గరికి పోయి దాన్ని రేవుకు ఎడంగా లాగింది. మంటకు దాని ముక్కు మీది రంగు పొక్కులెక్కి ఊడిపోయింది. ఆ కాలిన రంగు ఎట్లుంటుందో రాజమౌళి గుచ్చి గుచ్చి అడిగి, నూలుకు తానే అద్దకం వేసుకున్నాడు.

“ఇప్పుడు దాన్నేం జేస్తరు సారూ?”

“తుక్కుకేస్తారు బాబాయ్.”

పోగులు బిగించే పంజా పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది. “ఇంతమందిని ఇల్లు చేర్చినదాన్నా?” ఆ పూట ఆయనకు అన్నం సయించలేదు.

జంపఖానా మగ్గం దిగిన రోజు స్టీఫెన్ సంబరంగా ఫోన్ చేశాడు. ఆదివారమే సభ, రేపే పార్శిల్ చేయమన్నాడు.

“పార్శిల్ చెయ్య,” అన్నాడు రాజమౌళి.

ఏమైందని అవతల స్టీఫెన్ బతిమాలుతున్నాడు. తప్పుంటే చెప్పమంటున్నాడు, సభలో అందరూ ఎదురుచూస్తారంటున్నాడు. రాజమౌళి లేచాడు. గూట్లోంచి కత్తెర తీశాడు. జంపఖానా మీదికి వంగాడు.

“ఓ పెనిమిటీ, నీకు దండం పెడ్తా, దాన్ని ఏమనకు,” చెయ్యి పట్టుకుంది మొగిలమ్మ.

ఆయన నెమ్మదిగా చెయ్యి విడిపించుకుని, అంచున వేలాడుతున్న దారప్పోగులు కత్తిరించాడు. కత్తెర పక్కన పెట్టి, ఆమె చేతిలోని ఫోన్ అందుకున్నాడు.

“మొదటిరోజు సంది నీ పక్కన కూసొని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని దగ్గుతాంది సూడు నా బిడ్డ, దాన్ని తోల్కొని రా. ఇద్దరు కల్సి మోసుకపోండ్రి అల్లుడా.”