చుక్క కూత

ఒక దొడ్లో ఎర్రపెట్ట అనే కోడి తన పిల్లలతో ఉండేది. వాటిలో చుక్క అనే పిల్ల చూడ్డానికి పెట్టే. కానీ ఒక ఉదయం అది గోడెక్కి, మెడ చాచి, పుంజులా కూసింది.

"దాన్ని పుంజుల వెంట తిరగనిచ్చావు. ఇదంతా ఆ సావాసమే," అంది బాతు.

"సావాసం కాదు, గుడ్డులోంచే వచ్చింది," అంది సీమకోడి.

ఎర్రపెట్టకి తలకొట్టేసినట్టయింది. చుక్కను పెట్టల మధ్యే ఉంచి, మళ్లీ కూయొద్దని గట్టిగా చెప్పింది. చుక్క కూయడం మానేసింది. దాంతోపాటు తిండీ మానేసి, రెక్కలు వేలాడేసుకుని ఓ మూల కూర్చుంది. దాని చెల్లెలు మాత్రం రోజంతా పుంజులతోనే తిరిగేది. అయినా ఒక్కనాడూ కూయలేదు.

అది గమనించిన తల్లి చుక్క దగ్గరికి వెళ్లింది.

"ఎవర్ని చూసి నేర్చుకున్నావే?"

"ఎవర్నీ చూసి కాదమ్మా. నేను పుంజునే. కూయకపోతే నేను లేనట్టే ఉంటుంది."

ఎర్రపెట్ట చుక్క పక్కనే కూర్చుంది. ఈలోగా బాతూ సీమకోడీ వాదించుకుంటూ అక్కడికే వచ్చాయి.

"ఇంతకీ మా ఇద్దరిలో ఎవరి మాట నిజం?" అని అడిగాయి.

"నాకు తెలీదు. సావాసమో, గుడ్డో, రెండూనో మీరే తేల్చుకోండి. నా బిడ్డ తిండి తిని రెండు రోజులైంది," అంది ఎర్రపెట్ట.

తర్వాత చుక్క వైపు తిరిగి, "లేవరా అయ్యా, గింజలు తిందువుగాని," అంది.

చుక్క లేచి తల్లి వెంట నడిచాడు.