ఉతకని బట్ట

“ఆ మనిసి మన కుక్కని అట్టుకెల్లిపోయి ఏటైనా సేసేత్తే?” అంది రత్నాలు.

ఆ మనిషి ఇంకా రానేలేదు.

“రానియ్యే ముందు. రాకముందే కేసు పెట్టేత్తున్నావు,” అన్నాడు భర్త వరహాలరావు, సంచీ జిప్పు లాగుతూ.

మధ్యాహ్నం రైలుకి అరకు నుంచి బయల్దేరాలి. ఎనిమిదేళ్ళ గాయత్రికి గుండెలో చిల్లు. విశాఖపట్నంలో ఆపరేషన్. ఇరవై రోజులైనా పడుతుందన్నారు.

గాయత్రి బెంగ గుండె గురించి కాదు, చోడి గురించి. చోళ్ళ, అంటే రాగుల, రంగులో ఉంటుందని కుక్కకి ఆ పేరు తనే పెట్టింది. పడుకుంటే అది పక్కన ఉండాల్సిందే. చోడిని చూసే మనిషి దొరక్కపోతే ఆసుపత్రికి రానని మొండికేసింది.

అందుకే ఇక్కడి ఆసుపత్రి నర్సమ్మ, సోములమ్మ అనే ఆవిడకి కబురు పెట్టింది. ఆసుపత్రిపాలైనవాళ్ళ కోళ్ళనీ, మేకల్నీ, కుక్కల్నీ వాళ్ళు తిరిగొచ్చేదాకా సాకుతుందట. ఏమీ తీసుకోదట.

“ఏటీ తీసుకోదంటేనే నాకు బయం,” అంది రత్నాలు.

సోములమ్మ వచ్చింది. కొండమీది ఊరు. యాభై దాటిన బక్క మనిషి, ముక్కుకి మూడు పుడకలు. చోడి ముందు చెయ్యి చాపి, అది వాసన చూసి తోక ఊపేదాకా ఓపిగ్గా కూర్చుంది.

గాయత్రిని చూపించి అడిగింది: “గుంట ఇడిసిన బట్టొకటియ్యమ్మ. ఉతకనిది.”

“ఎందుకూ?”

“దీనికే. ఆ వాసన లేపోతే ముద్ద ముట్టదు, పడుకోదు.”

రత్నాలు ఓ అడుగు వెనక్కి వేసింది. ఒంటిమీది బట్ట, తలవెంట్రుక పరాయి చేతికి ఇవ్వకూడదని వాళ్ళమ్మ చెప్పేది. చిల్లంగి, చేతబడి పెట్టేవాళ్ళు అడిగేవి అవే. పైగా పిల్లకి గుండె కోసే రోజులు.

లోపలికెళ్ళి, మేనకోడలి కోసం సంతలో కొన్న కొత్త గౌను పెట్టెలోంచి తీసింది. లేబుల్ తెంపేసింది. చేతుల్లో నాలుగుసార్లు నలిపింది.

“ఇదిగో, మా పాపదే.”

సోములమ్మ గౌను అందుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. రత్నాలు ముఖంలోకి ఒక్కసారి చూసింది. మడతపెట్టి చంకలో పెట్టుకుంది.

గాయత్రి గడప మీద కూర్చుని చోడి మెడ వాటేసుకుంది.

“అవ్వా, నానొచ్చేదాకా దీన్ని సూత్తావా?”

“నువ్వొచ్చేదాకా నా పూసీ. నువ్వు బేగి వచ్చీ.”

ఆపరేషన్‌కి ముందురోజు పక్కింటి చిన్నమ్మలు ఫోన్ చేసింది.

“ఒదినా, ఆ మనిసి రోజూ పొద్దోయే ఏలకి కుక్కనేసుకుని మీ గుమ్మంలోకి వచ్చేత్తంది. గడప కాడ కూకుని దాని సెవిలో ఏటో గొణుగుతంది.”



“తరిమేయే! గడప తొక్కనీకు. పసుపునీళ్ళు జల్లు!”

“కుక్కని సూడమని మనమే కదే ఇచ్చినాం,” అన్నాడు వరహాలరావు.

“తల్లివైతే నీకూ తెలిసేది.”

ఆపరేషన్ బాగా జరిగింది. తను సమయానికి తరిమించబట్టే పిల్ల దక్కిందనుకుంది రత్నాలు.

ఇరవైమూడో రోజున అరకు తిరిగొచ్చారు. గాయత్రి తిన్నగా వెళ్ళి గడప మీద కూర్చుంది.

“చోడేదమ్మా?”

సోములమ్మ రాలేదు. మర్నాడూ రాలేదు. కుక్క చచ్చిపోయుంటుంది, అందుకే ముఖం చాటేసింది అనుకుంది రత్నాలు. పిల్లకి ఎలా చెప్పడం? కుట్లు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. వెక్కివెక్కి ఏడిస్తే ఊడిపోవూ?

మూడోరోజు నర్సమ్మని దారి అడిగి, సోములమ్మ ఊరికి తనే బయల్దేరింది. కాఫీతోటల మధ్య రెండు గంటలు కొండ ఎక్కాలి. ఆయాసమొచ్చి రెండుచోట్ల కూలబడింది.

సోములమ్మ మొగుడు సుక్రు అరుగు మీద వెదురు చీలుస్తున్నాడు. పక్కనే, ఒక పాత చీర మీద ముడుచుకుని చోడి!

బతికే ఉంది. చిక్కనైనా లేదు. రత్నాల్ని చూసి తోక ఆడించింది గాని, చీర మీంచి లేవలేదు.

“హమ్మయ్య! మీ ఆవిడేదీ?”

సుక్రు ఇంకో వెదురు అందుకున్నాడు.

“ఎంత బయపడిపోనానో. ఓ కబురైనా ఎట్టకపోతే ఎలాగ?”

అతను వెదురు నిలబెట్టి కత్తి దించాడు.

గోడ గూట్లో కొత్త గౌను మడతపెట్టి ఉంది. రత్నాలు చూపు తిప్పుకుంది. గొంతు తగ్గించింది.

“పక్కింటిదాని సేత నానే తరిమించాను. అది మనసులో ఎట్టుకున్నాదేటి?”

కత్తి ఆగింది. సుక్రు చోడి తల నిమిరాడు.

“ఆ గౌను గుంటది కాదని అప్పుడే తెలుసు దానికి,” అన్నాడు. “‘తల్లి కదా, బయపడిపోనాది’ అన్నాది.

“కుక్క ముద్ద ముట్టలేదు. అందుకే రోజూ కొండ దిగి మీ గడప కాడికి తెచ్చీది. ‘పాప వచ్చేత్తాది, తిను’ అని సెవిలో సెప్పి తినిపించీది. గడప ఎక్కొద్దన్నాక, ఆ రోడ్డవతల వానలో కూకుని తినిపించినాది. జొరమొచ్చినాది. నాలుగు రోజులే.”

అతను వంగి, చోడి కింది చీర అంచు సర్దాడు.

“దాని బట్టలన్నీ దానితోనే కాటికి పంపేసినాం. ఇదొక్కటే ఉంచినాం. ఇప్పుడు ఈ వాసన లేపోతే మీ కుక్క పడుకోదు. అట్టుకెల్లమ్మ, ఉతక్కు.”