గురువారం గిన్నెలు

"దించు! ముందా సంచి దించు!" సైకిల్ హ్యాండిల్ రెండు చేతులా పట్టుకుని అడ్డంగా నిలబడింది యోషిమి.

డబ్బాలాయన సైకిల్ దిగాడు. డెబ్బై దాటిన మనిషి. వీధి వీధీ తిరిగి ఖాళీ డబ్బాలు ఏరుకుని బతుకుతాడు కాబట్టి కాలనీలో అందరూ అలాగే పిలుస్తారు. పారిపోలేదు. అసలు ఆమె వంక చూడనేలేదు. కాకులు చింపకుండా కప్పిన వల కింద, చెత్త సంచుల మధ్యకే తొంగి చూస్తున్నాడు.

"బోర్డు కనబడ్డం లేదా? డబ్బాలు, రేకులు ఎత్తుకుపోకూడదని ఇంతింత అక్షరాలతో రాశాం. ఈ నెల కాపలా వంతు నాది. రాత్రంతా బ్రెడ్డు ఫ్యాక్టరీలో నిలబడి వచ్చి, నిద్ర కూడా లేకుండా నీకోసం మళ్ళీ ఇక్కడ నిలబడాలా?"

"నేనేం తీయలేదమ్మా. కావాలంటే చూసుకోండి." సంచి మూతి విప్పి చూపించాడు. ఖాళీ.

"మరి ఇందాకట్నుంచీ ఏం వెతుకుతున్నావ్?"

"గిన్నెలు. ఉడాన్ గిన్నెలు."

యోషిమికి ఒళ్ళు మండింది. చలికాలం వస్తే ఒసాకా శివార్లలోని ఆ నాలుగంతస్తుల కాలనీలో ఏ సంచి విప్పినా అవే. లావుపాటి నూడుల్సు, పులుసు, పైన ఒక రొయ్య బజ్జీ, అన్నీ రేకు గిన్నెలోనే పెట్టి అమ్ముతారు. ఆ గిన్నెనే పొయ్యి మీద పెట్టి కాచుకోవడం, అందులోనే తినడం, పారేయడం. ఒంటి ప్రాణాలకు అంట్లు తోముకునే పని ఉండదు.

"అవిగో, కళ్ళ ముందే కుప్పలు పడి ఉన్నాయిగా."

"అవి కాదమ్మా. శుభ్రంగా కడిగి, ఒకదాంట్లో ఒకటి దొంతర పెట్టి, ఎర్ర ఊలు దారంతో కట్టినవి. గురువారం గురువారం ఏడు గిన్నెలు. రోజుకొకటి. నాలుగో అంతస్తు పెద్దావిడ కమ్మీ పట్టుకుని మెట్టు మెట్టు దిగొచ్చి పెడుతుంది. పోయిన వారం లేవు. ఇవాళా లేవు."

హ్యాండిల్ మీద యోషిమి పట్టు సడలింది.

"చుట్టాలింటికి వెళ్ళిందేమో."

"అలా అనుకునే పోయిన వారం ఊరుకున్నాను."

"అప్పుడే చెప్పి ఏడవచ్చుగా!"

"ఎవరితో చెప్పను? నన్ను చూడగానే మీరంతా చీపుర్లు అందుకుంటారు. పైకెళ్ళి తలుపు కొడితే పోలీసుల్నే పిలుస్తారు."

యోషిమి మెట్ల కిందున్న ఉత్తరాల పెట్టెల వైపు చూసింది. నాలుగో అంతస్తుది, చివరి పెట్టె నిండిపోయి, కరపత్రాలు బయటికి వేలాడుతున్నాయి. మూడు రోజుల కిందట కూడా చూసింది. ఎవరో బద్ధకస్తులని విసుక్కుని దాటిపోయింది. పెట్టె మీది పేరు మాత్రం ఇప్పుడే చదివింది. మికుని. తనూ, ఆవిడా పదకొండేళ్ళుగా ఎక్కి దిగేది ఒకే మెట్లు.

"నడు. నువ్వూ రా," అంది.

లిఫ్టు లేదు. రెండో అంతస్తుకే యోషిమి మోకాళ్ళు పట్టేశాయి. వెనకాల డబ్బాలాయన రొప్పుతూ వస్తున్నాడు.

"ఏమయ్యా... వాసన గీసన ఏమైనా వస్తోందా?" అని అడిగింది, వెనక్కి తిరగకుండా.

"చలికాలమమ్మా. అంత తొందరగా తెలీదు. ఎక్కండి."

చివరి తలుపు దగ్గర గంట నొక్కింది. లోపల మోగింది. ఎవరూ రాలేదు. మళ్ళీ నొక్కింది. తర్వాత పిడికిలితో బాదింది.

"మికుని గారూ! మామ్మగారూ!"

డబ్బాలాయన టోపీ తీసి తలుపుకు చెవి ఆనించాడు. కాసేపు విని, తల అడ్డంగా ఊపాడు.

యోషిమి ఫోన్ తీసింది. అంబులెన్సుకు చెయ్యాలో, పోలీసులకు చెయ్యాలో తోచలేదు. ఈ నెల అంతా తను కాపలా కాసింది ఖాళీ డబ్బాలకు.

అంతలో లోపల గొలుసు తీస్తున్న చప్పుడైంది. తలుపు తెరుచుకుంది.

తల నున్నగా దువ్వుకుని, మందపాటి ఊలు కోటు వేసుకుని, నిక్షేపంగా నిలబడి ఉంది మికుని. ఆమె వెనక వంటగట్టు మీద కడిగిన రేకు గిన్నెలు, రెండు దొంతరలు, తళతళలాడుతున్నాయి.

యోషిమి మెట్టు మీద కూలబడింది. ముందు ఏడుపొచ్చింది, ఆ వెంటనే కోపమొచ్చింది.

"బానే ఉన్నారా! మరి గిన్నెలెందుకు దించలేదు? కాళ్ళ నొప్పులా? జ్వరమా? ఒక్క మాట చెబితే నేనే దించేదాన్నిగా!"

"నాకేం కాలేదమ్మా. గుమ్మం దాటకుండా కూర్చున్నాను, అంతే," అంది పెద్దావిడ నెమ్మదిగా. "గిన్నెలు రాలేదని కనిపెట్టిందెవరు?"

"ఇదుగో, ఈయన."

పెద్దావిడ డబ్బాలాయన ముందు నడుం వంచి, చాలాసేపు అలాగే ఉండిపోయింది. ఆయనకేం చెయ్యాలో తెలియక, టోపీ చేతుల్లో నలుపుతూ తనూ వంగాడు. తర్వాత ఆవిడ లోపలికెళ్ళి, గోడ మీది క్యాలెండర్ గళ్ళు ఒక్కొక్కటే వేలితో తాకుతూ లెక్కపెట్టుకుని వచ్చింది.

ఆమె కాళ్ళ సందులోంచి ఒక ముసలి పిల్లి గుమ్మంలోకి తల పెట్టింది. ఆ కాలనీలో పిల్లుల్ని పెంచకూడదు.

"పద్నాలుగు రోజులు," అంది పెద్దావిడ, పిల్లిని చంకకెత్తుకుంటూ. "నేను పోతే, ఎవరైనా వచ్చి తలుపు కొట్టేదాకా దీనికి ఎన్నాళ్ళ తిండి పెట్టి పోవాలో ఇవాళ్టికి తేలింది."