ఏడో నంబరు గదిలో గాజుల చప్పుడు

"దయ్యాలెన్నో ముందు చెప్పన్నా. ఒకటే అయితే మా ఆడోళ్లను ఎట్లోకట్ల ఒప్పిస్తా," అన్నాడు ఎల్లప్ప మెట్ల దగ్గరే ఆగిపోయి.

ధర్మవరంలో పట్టుచీరల అంగడి ఉన్న ఆసామి. రామగిరి బంగారు గనుల పక్కనున్న ఈ పాత లాడ్జిని కొని ఫంక్షన్ హాలు చేద్దామని వచ్చాడు. కొనడానికి ధైర్యం ఉంది గానీ మేడ ఎక్కడానికి లేదు.

లాడ్జి యజమాని రంగప్ప అతన్ని ఎగాదిగా చూశాడు. ఆయన కంటికి లోకంలో ఆనే మనిషంటూ లేడు.

"మూడు ఉండాయంటప్పా. మొదటోడు తెల్లదొర. గనిలో బంగారం పడలేదని ఆ పై గదిలో తుపాకీతో కాల్చుకున్నాడంట. కాల్చుకునేంత రోషం యాడిది వానికి? తాగి ఈ మెట్ల మీంద నుంచే దొర్లి సచ్చినాడు. మా తాత చూసినాడు. రెండోవాడు గని కూలోడు. రాత్రుళ్లు కొళాయి తిప్పి నీళ్లు తాగుతాడంట. డబ్బులు కట్టే నాకే ఆ కొళాయిలో నీళ్లు రావు. సచ్చినోనికి వస్తాయా?"

"మూడోది?"

రంగప్ప వినపడనట్టు కుర్చీ మీది దుమ్ము దులపసాగాడు.

"మూడోది మా అమ్మ," అంది రంగప్ప కూతురు అమృత.

ఈ బేరం కోసమే ఆమె హిందూపురం నుంచి వచ్చింది. అక్కడ ఎవరిదో మందుల షాపులో పొద్దంతా నిలబడి పనిచేస్తుంది. లాడ్జి అమ్ముడుపోతే సొంత షాపు పెట్టుకోవచ్చు. ఇంతకు ముందొచ్చిన వాళ్లంతా టీ తాగి, దయ్యాల సంగతి విని, ఫోన్ చేస్తామని చెప్పి పోయినవాళ్లే. ఎల్లప్ప కూడా పోతే ఇక ఈ గోడలు కూలేదాకా గబ్బిలాలే గిరాకీ.

గనులు మూతపడేనాటికి అమృతకు నాలుగేళ్లు. లాడ్జి మొత్తం ఖాళీ అయిపోయింది. ఏడో నంబరు గదిలో చాన్నాళ్లుగా ఉన్న గనుల సర్వేయరు కూడా పెట్టె సర్దుకుని కోలారు బస్సెక్కాడు. ఆ వారంలోనే అమృత తల్లి మహేశ్వరి చెప్పులు పాత గని గుంత ఒడ్డున దొరికాయి. పంపులు ఆపేయడంతో గుంత నిండా నీళ్లు. మనిషి దొరకలేదు. అప్పటినుంచి ఏడో నంబరు గదిలో గాజుల చప్పుడు వినపడుతుందని ఊరు కథ అల్లింది. ఎదురుగా టీ కొట్టు పెట్టుకున్న బీబీజాన్ అయితే ఆ గాజుల రంగు కూడా చెబుతుంది.

"బీబీజాన్‌కు పట్టపగలు టీలో పడిన ఈగ కనపడదు. గాజుల రంగు కనపడిందంట," అన్నాడు రంగప్ప.

"నువ్వు నమ్మకపోతే పోనీ అన్నా. నేను పెనుకొండలో గుడి అయ్యవారిని అడిగే వచ్చినా. గుంతలో పడి పోయిన మనిషికి ఇంట్లోవాళ్లు పెద్దల అమాసకు ఒక్కసారన్నా చీర పెట్టలేదంటే ఆ యమ్మ యాడికి పోతాది? ఈ పొద్దు అమాసే కదా. చీర నేనే తెచ్చినా. పెట్టి మొక్కండి, ఈడికీడే అడ్వాన్సు ఇస్తా."

సంచిలోంచి చిలకపచ్చ పట్టుచీర తీశాడు.

"అమ్ముడుపోక మూలబడిందా?" అన్నాడు రంగప్ప.

అమృతకు ఒళ్లు మండిపోయింది. పెద్దల అమావాస్యనాడు ఆ చుట్టుపక్కల ప్రతి ఇంట్లో పోయినవాళ్ల ఫొటో ముందు కొత్తబట్టలు, వడలు, పాయసం పెట్టి పేరుపెట్టి పిలిచి మొక్కుతారు. కాకుల పండగని ఎగతాళి చేస్తూనే రంగప్ప కూడా తన తల్లిదండ్రులకు ఏటా పెడతాడు. పెళ్లానికి మాత్రం ఇంతవరకూ గుడ్డముక్క పెట్టలేదు. ఫొటోకు దండ కూడా వేయలేదు. పెళ్లామంటే ఆయనకు ఎప్పుడూ పడేది కాదని చుట్టాలు చెవులు కొరుక్కుంటుంటే వింటూ పెరిగింది అమృత.

"నాయనా, మీ అమ్మకు పెడతావు, మీ నాయనకు పెడతావు. మా అమ్మకు పెట్టేకి చేతులు రావా నీకు?"

"రావు."

"పోయినాక గూడా ఆ యమ్మ మీంద కోపమేనా?"

"కోపమెందుకు?"

"మరి పెట్టు."

"పెట్టను. లాడ్జి పోతే పోనీ."

ఎల్లప్ప నిట్టూర్చాడు. "మొండోడు రాజు కన్నా బలమైనోడమ్మా. నేను బయట కారు కాడ ఉంటా. ఏదో ఒకటి తేల్చుకోండి." చీర అమృత చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

"నువ్వు పెట్టకుంటే ఏమి? నేను కూతుర్ని, నేనే పెడతా," అంది అమృత.

గోడకున్న తల్లి ఫొటో దించి కొంగుతో తుడిచింది. పీట మీద పెట్టి ముందు చీర పరిచింది. తండ్రి మీద ఇంత అసహ్యం ఆమెకు ఎప్పుడూ కలగలేదు. రాతిగుండె మనిషి అనుకుంది. బొట్టు పెట్టడానికి కుంకుమ వేలికి తీసుకుని, చేతులు జోడించి పిలిచింది.

"అమ్మా, మహేశ్వరమ్మా..."

రంగప్ప ఒక్క ఉదుటున వచ్చి ఆమె నోరు మూశాడు. రెండో చేత్తో చీరను లాగి దూరంగా విసిరేశాడు. ఆయన కళ్లల్లో నీళ్లు అమృత ఎప్పుడూ చూడలేదు. వాకిలి వైపు ఒకసారి చూసి, ఎల్లప్పకు వినపడకుండా గొంతు తగ్గించాడు.

"బతికుండే మనిషికి పెట్టగూడదమ్మా!"