రెండో ఇంట్లో లేని గిన్నె

తెర మీద మళ్లీ ఎర్ర అక్షరాలు వచ్చాయి.

"మొదటి ఎడిటర్లో చిలకలా పలుకుతోంది సార్. రెండోదాంట్లో నోరు విప్పడం లేదు," అంది టెస్టర్.

ప్రోగ్రాములు రాసుకునే ఆ ఎడిటర్లు రెండూ ఒకే ప్లాట్‌ఫామ్ అనే పునాది మీద కట్టినవే. అయినా వాటికి తగిలించడానికి ఈ టీమ్ చేసిన చిన్న ప్రోగ్రాము, ప్లగిన్, ఒకదాంట్లో తెరుచుకుంటుంది, రెండోదాంట్లో తెరుచుకోదు.

నాలుగింటికి కస్టమర్ వస్తాడు. రెండింట్లోనూ చూపించకపోతే టీమ్‌ని ఎత్తేస్తారు.

"ఆ ప్లాట్‌ఫామ్ కట్టిన పెద్దాయనకి రాశాం కదా. మధ్యాహ్నం వస్తానన్నారు," అన్నాడు లీడర్, పొద్దుట్నుంచి పదోసారి. అతని చేతిలోని జవాబు మెయిల్ కింద పేరు బదులు రెండు పొడి అక్షరాలున్నాయి.

కిటికీ పక్క కుర్చీలో ఒకావిడ. నెరిసిన జుట్టు, ఒళ్లో గుడ్డసంచి. "పనిలో ఉన్నారు, కూర్చోండి" అని గేటు దగ్గర అంటే వచ్చి కూర్చుంది. ఎండ ఆవిడ పాదాల దగ్గర పిల్లిలా ముడుచుకుని పడుకుంది. మబ్బులు ఆవిడ కళ్లజోడులో ఈ అద్దంలోంచి ఆ అద్దంలోకి తాపీగా నడిచిపోతున్నాయి.

టెస్టర్ వాళ్ల అత్తగారనుకుని లీడర్ రెండుసార్లు కాఫీ ఇప్పించాడు. లీడర్ వాళ్ల అమ్మగారనుకుని టెస్టర్ ఫ్యాను పెంచింది.

కాసేపటికి ఆవిడే లేచి వచ్చి తెర వంక చూసింది.

"అమ్మాయీ, మీ ప్లగిన్ మొదటి ఇంటి వంటింట్లో గిన్నె అడుగుతోంది. రెండో ఇంట్లో ఆ గిన్నె లేదు. రెండిళ్లకీ ఉమ్మడిగా ఉన్నవాటితోనే సరిపెట్టుకోమను. పైనున్న ఆ ఒక్క లైను మార్చు, చాలు."

లీడర్ నవ్వాపుకున్నాడు. "ఇది వంట కాదు పిన్నిగారూ! పెద్దాయన వచ్చే వేళయింది, ఆ కుర్చీ కాస్త ఖాళీ చేస్తారా?"

ఆవిడ మీసం వెతుక్కుంటున్నట్టు పైపెదవి ఓసారి తడుముకుంది.

"అలాగే బాబూ."

సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయింది. ఎండ కూడా వెంట వెళ్లినట్టు గది మసకబారింది.

పెద్దాయన రాలేదు. కస్టమర్ వచ్చాడు, చూశాడు, పెదవి విరిచి వెళ్లాడు.

ఇక పోయేదేముందని టెస్టర్ ఆ లైను మార్చింది.

రెండో ఎడిటర్లో ప్లగిన్ కలలోంచి లేచినట్టు మెల్లగా కళ్లు తెరిచింది.

"మీ అమ్మగారు భలే చెప్పారు సార్!"

"మా అమ్మా? మీ అత్తగారు కదూ?"

ఇద్దరూ గేటు దగ్గరి విజిటర్ల రిజిస్టరు కోసం పరుగెత్తారు.

'వచ్చిన పని' అన్న గడిలో ముత్యాల్లాంటి అక్షరాలు: "నేను వేసిన పునాది మీద మీ తలుపు తెరుచుకోవడం లేదని రాశారు, చూసిపోదామని వచ్చాను."