పిల్లల్ని లేపండమ్మా!

లిఫ్టు సగం దారిలో ఆగిపోయింది.

కాజ్ మీట నొక్కాడు. ఇంకోసారి గట్టిగా గుద్దాడు. ఊహూఁ, కదల్లేదు.

"ఆట ఓడింది చాల్లేదా? ఇదొకటా మన ప్రాణానికి!"

భార్య వాండా అతని చెయ్యి పట్టుకుంది. తలుపులు మూసిన చోట ఆమెకు ఊపిరాడదు. మైదానం పై అంతస్తు నుంచి ఎప్పుడూ మెట్లమీదే దిగే మనిషి. ఇవాళ మడమ బెణికి, కాజ్ బలవంతం మీద లిఫ్టెక్కింది.

లోపల ఇంకొక పెద్దాయన ఉన్నాడు. మెడకు ఉన్ని మఫ్లరు, చేతిలో వేరుశనక్కాయల పొట్లం.

"కంగారు పడకండి! మెకానిక్ వస్తున్నాడు!" పైనుంచి ఎవరో అరిచారు.

"ఆఁ, వచ్చే ఏప్రిల్‌కి వస్తాడు," అన్నాడు కాజ్. "అప్పటిదాకా మనకు మాత్రం పనేముంది? సీజన్ అయిపోయె!"

నిజమే. ఈ ఒక్కటీ గెలిస్తే మా హెరాన్స్ బేస్‌బాల్ జట్టు పై పోటీలకు వెళ్ళేది. ఇక చలికాలమంతా ఫౌండ్రీలో పని, ఇల్లు, కిటికీ అవతల మంచు.

"టోపీ మీద కొంగ బొమ్మ ఉంటే మాత్రం, బంతి పోతుంటే కొంగల్లా నిలబడతారా? ఏం పెద్దాయనా, తప్పా నేనన్నది?"

పెద్దాయన నవ్వి తలూపాడు.

"కాజ్, నాకు గాలాడటం లేదు."

"ఏం కాదే. రేడియో పెట్టుకో."

మా ఊరివాళ్ళం మైదానానికి కూడా ట్రాన్సిస్టర్ మోసుకెళ్తాం. ఎదురుగా ఆట కనిపిస్తున్నా, రేడియోలో హార్లన్ కామెంటరీ చెబితేగాని నమ్మం.

"ఏం పెట్టుకోను? హార్లన్ లేడుగా," అంది వాండా.

"వాడి పేరెత్తకు! ఆగస్టులో చెప్పాపెట్టకుండా పోయాడు. ఏ న్యూయార్క్ వాళ్ళో ఎక్కువ డబ్బు పారేసుంటారు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టే రకం!"

పెద్దాయన పొట్లంలోకి చూస్తూ ఉండిపోయాడు.

వాండా గోడకు జారగిలబడింది. పెదాలు తెల్లబడ్డాయి. ఊపిరి ఎగబీలుస్తోంది.

కాజ్‌కు కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఆ భయమంతా పెద్దాయన మీద చూపించాడు. "రాయిలా నిలబడ్డారేంటి? మీరైనా నాలుగు ధైర్యం మాటలు చెప్పొచ్చుగా! నోట్లో నాలుక లేదా?"

పెద్దాయన గొంతు దగ్గర మఫ్లరు తడుముకున్నాడు. మెల్లగా నేలమీద కూర్చున్నాడు. నాలుగు మూలలా నాలుగు వేరుశనక్కాయలు పెట్టాడు. మధ్యలో బంతి విసిరేవాడిలా ఒకటి నిలబెట్టాడు. వాండాను ఎదురుగా కూర్చోమని సైగ చేశాడు.

ఆమె కూలబడినట్టే కూర్చుంది.

ఆయన రెండు వేళ్ళను కుంటిస్తూ బ్యాటు పట్టేచోటికి నడిపించాడు.

వాండా కళ్ళు చిట్లించి చూసింది. "అది... కుంటి రస్సో కదూ? మనం కప్పు గెలిచిన ఏడు... ఆఖరి ఆట!"

ఆయన ముఖం వెలిగింది. చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, ఆమె వైపు వేలు చూపించాడు. నువ్వు చెప్పు.

"మొదటి బంతి... వదిలేశాడు," అంది వాండా. "రెండోది... అయ్యో, తగల్లేదు."

వంటింట్లో గిన్నెలు తోముతూ విన్న ఆట. హార్లన్ చెప్పిన ప్రతి మాటా ఆమెకు నోటికొచ్చు. ఆయన చేతిలో బంతిగా పట్టుకున్న గింజ కదిలిన కొద్దీ ఆమె గొంతు పెరిగింది.

"మళ్ళీ విసిరాడు... కొట్టాడు! ఎత్తుగా పోయింది... ఇంకా ఎత్తుగా... పిల్లల్ని లేపండమ్మా, బంతి ఊరు దాటింది!"

పైన మెకానిక్ కోసం ఎదురుచూస్తున్న జనం చప్పట్లు కొట్టారు.

"ఓసి నీ దుంపతెగ! అచ్చం ఆ హార్లన్ గాడిలాగే చెప్పావే!" అన్నాడు కాజ్.

పెద్దాయన కళ్ళు తుడుచుకుంటున్నాడు. పొట్టు పడిందేమో అనుకుంది వాండా.

లిఫ్టు కదిలిన సంగతి ఆమెకు తెలియనే లేదు. తలుపులు తెరుచుకున్నాయి. ఆయన ఆ బంతి గింజను ఆమె అరచేతిలో పెట్టి, వేళ్ళు మూసి, జనంలో కలిసిపోయాడు.

"అయ్యో, థాంక్సయినా చెప్పలేదు!"

వాండా కుంటుకుంటూ గేటుదాకా వెళ్ళింది. అప్పటికే టాక్సీ మలుపు తిరుగుతోంది.

గేటు దగ్గర వేరుశనక్కాయలు అమ్మే ముసలావిడ ఆ టాక్సీకేసే చెయ్యి ఊపుతోంది.

"ఎవరమ్మా ఆ మూగాయన?" వెనకాలే వచ్చిన కాజ్ అడిగాడు.

ఆవిడ అతన్ని ఎగాదిగా చూసింది.

"సీజన్ అయ్యేదాకా ఎవరికీ చెప్పొద్దని ఒట్టేయించుకున్నాడు. ఇవాళ్టితో అయిపోయిందిగా, చెప్తా. ఆగస్టులో డాక్టర్లు ఆయన గొంతు తీసేశారు బాబూ. అంతకుముందు ఇన్నేళ్ళూ రేడియోలో మన పిల్లల్ని లేపింది ఆయనే."