ఇప్పపూలు తిన్న మనుబోతు

ఆపదలో ఉన్నవాళ్లను వైద్యం తెలిసిన ఎలుగుబంటి దగ్గరికి మోసుకెళ్లే పనిని అడవి జంతువులన్నీ కలిసి మనుబోతుకు అప్పగించాయి. దాని మెడలో గంట మోగితే ఏనుగులు కూడా దారి వదిలేవి.

ఒకనాడు మనుబోతు పులిసిన ఇప్పపూలు మేసి మత్తుగా పడుకుంది. ఇంతలో కుందేలు పరుగెత్తుకొచ్చింది.

"మామా, నా బిడ్డను పాము కరిచింది!"

"ఎక్కించు," అంది మనుబోతు, మత్తు సంగతి దాచి.

వాగు దాటుతూ తూలి పడింది. తడబడుతూ లేచి ఎలుగుబంటి గుహ చేరేసరికి బిడ్డకు ఊపిరి ఆగిపోయింది.

"ఇప్పపూలు తిన్నావా?" అని దాని నోటి వాసన పసిగట్టి అడిగింది అడవికి పెద్దయిన ఏనుగు.

"తిన్నాను."

ఏనుగు కళ్లు తుడుచుకుని దాని మెడలోని గంట విప్పేసింది.

"ఇన్నేళ్లలో ఇదొక్కటే తప్పు," అని మనుబోతు వెక్కివెక్కి ఏడ్చింది.

కుందేలు మెల్లగా అంది: "ఈరోజు నావల్ల కాదని ఒక్క మాట చెప్పుంటే, మోసుకెళ్లమని జింకను బతిమాలుకునేదాన్ని మామా."